తీగ ఒకటే, పూతే వేరు

శ్రీకాకుళం జిల్లా కంచిలిలోనో కాశీబుగ్గలోనో హార్డ్‌వేర్ కొట్టుకి వెళ్లి వెల్డింగ్ రాడ్ల ప్యాకెట్లు రెండు అడగండి. ఒకటి 6013, ఇంకొకటి 7018. మొదటిది జలంత్రకోట నుంచి ఇచ్ఛాపురం దాకా గేట్లు, గ్రిల్లులు చేసే ఏ షాపులో చూసినా ఉంటుంది. రెండోది కాస్త ఖరీదు. కొన్ని కొట్లలో గట్టిగా అడిగితే తప్ప బయటికి తీయరు. రెండు ప్యాకెట్ల నుంచీ ఒక్కో రాడ్ తీసి, సుత్తితో మెల్లగా తట్టి పైపూతంతా రాల్చేయండి. చేతిలో మిగిలిన రెండు తీగల్లో ఏది ఏ ప్యాకెట్‌లోదో ఎంత అనుభవం ఉన్న వెల్డరైనా చెప్పలేడు. రసాయన పరీక్షకి పంపినా పెద్ద తేడా తేలదు. రెండూ మెత్తని ఉక్కే. కార్బన్ 0.1 శాతం మించదు, మాంగనీసు సుమారు అర శాతం.

అయినా ఆ రెండు రాడ్లతో వేసిన అతుకులు ఒకలాంటివి కావు. అమెరికన్ వెల్డింగ్ సొసైటీ ప్రమాణం ప్రకారం 6013 అతుకు చదరపు మిల్లీమీటరుకు కనీసం 430 న్యూటన్ల లాగుడిని తట్టుకోవాలి, 7018 అతుకు 490 న్యూటన్లను. తెగిపోయే లోపు మొదటిది 17 శాతం సాగితే చాలు, రెండోది 22 శాతం సాగాలి. అసలు తేడా తెలిసేది దెబ్బ పరీక్షలో. అతుకులోంచి చిన్న ముక్క కోసి, గాటు పెట్టి, మైనస్ 29 డిగ్రీలకు చల్లబరిచి, ఊగే సుత్తితో ఒక్క దెబ్బ వేస్తారు. విరిగే ముందు 7018 అతుకు కనీసం 27 జౌళ్ల శక్తిని మింగాలి. 6013కి ఆ ప్రమాణంలో ఈ పరీక్షే లేదు. దాని నుంచి ఆ గుణాన్ని ఎవరూ ఆశించరు.

తీగ ఒకటే అయినప్పుడు ఈ తేడా ఎక్కడిది? మీరు సుత్తితో తట్టి కింద రాల్చిన ఆ పొడిలోనిది. రాడ్ పేరును, ఖరీదును, దానితో వేసిన అతుకు బలాన్ని నిర్ణయించేది ఆ పొడే.

పూత లేని కాలంలో అతుకు ఎలా ఉండేదో తెలిస్తే పూత చేసే పని విలువ తెలుస్తుంది. 1888లో రష్యా ఇంజనీరు నికొలాయ్ స్లావ్యానొవ్ లోహపు తీగనే ఎలక్ట్రోడుగా పెట్టి, ఆర్కులో దాన్ని కరిగించి అతకడం చూపించాడు. కరిగిన ఇనుము గాలికి బాహాటంగా తగిలేది. గాలిలో 78 శాతం నైట్రోజన్, 21 శాతం ఆక్సిజన్. వేల డిగ్రీల వేడిలో ఈ రెండూ ఇనుములోకి ఇట్టే దూరిపోతాయి. ఆక్సిజన్ ఉక్కులోని కార్బన్‌నూ మాంగనీసునూ కాల్చేస్తుంది. అలా పుట్టిన వాయువు బయటికి రాలేక లోపలే బుడగలుగా, కంతలుగా మిగిలిపోతుంది. నైట్రోజన్ చల్లారే ఇనుములో సన్నని సూదుల్లాంటి నైట్రైడ్ స్ఫటికాలుగా గడ్డకడుతుంది. అలాంటి అతుకు చూడటానికి ఇనుమే, వంచితే మాత్రం పుటుక్కున విరుగుతుంది.

ఈ చిక్కును విడదీసినవాడు స్వీడన్‌కి చెందిన ఆస్కార్ షెల్‌బెర్గ్. గోథెన్‌బర్గ్ రేవులో ఓడల ఆవిరి బాయిలర్లకు మరమ్మతులు చేసేవాడు. బాయిలర్ అతుకులో కంత ఉంటే ఆవిరి దాన్ని వదిలిపెట్టదు. ఇనుప తీగను కార్బొనేట్లు, సిలికేట్లు కలిపిన చిక్కటి ముద్దలో ముంచి ఆరబెట్టి వాడితే అతుకు శుభ్రంగా వస్తుందని అతను కనిపెట్టాడు. 1904లో అతను పెట్టిన ఎసాబ్ సంస్థ రాడ్లు ఇప్పటికీ మన కొట్లలో దొరుకుతున్నాయి. ముంచి ఆరబెట్టే పద్ధతి పోయి, యంత్రంలో తీగ చుట్టూ పూతను ఒత్తే పద్ధతి 1920ల చివర్లో వచ్చింది.

ఇప్పుడు ఒక రాడ్ కొసను దగ్గరగా చూద్దాం, నల్ల అద్దం వెనక నుంచే. హోల్డర్‌లో పట్టుకునే చివర సుమారు అంగుళం మేర పూత ఉండదు. రెండో కొసను పనిముక్క మీద గీకగానే ఆర్కు అంటుకుంటుంది. తీగ ముందు కరుగుతుంది, పూత ఒక్క క్షణం వెనకబడుతుంది. అందుకే కొసన పూత చిన్న గిన్నెలా ముందుకు పొడుచుకు వచ్చి ఉంటుంది. ఈ గిన్నె అంచే ఆర్కుకి దారి చూపిస్తుంది. కరిగిన బొట్లు అటూ ఇటూ చెదరకుండా గుంటలోకే పడతాయి. రాడ్‌కి పూత ఒక పక్క మందంగా, ఒక పక్క పల్చగా పడితే గిన్నె వంకరగా తయారై ఆర్కు ఒక వైపుకే తిరిగిపోతుంది. చెయ్యి ఎంత స్థిరంగా ఉన్నా అతుకు సరిగ్గా రాదు. నాసిరకం రాడ్ కొన్న వెల్డరు తన చేతిని తిట్టుకోవడం అన్యాయం.

ఆ గిన్నె లోపల, చుట్టూ మూడు పనులు ఒకేసారి జరుగుతున్నాయి. పూతలో సెల్యులోజ్ ఉంటే అది కాలి, సున్నపురాయి ఉంటే అది విడిపోయి, వాయువులు పుట్టి గాలిని బయటికి నెడతాయి. ఖనిజాలు కరిగి, ఇనుము కంటే తేలిక కాబట్టి పైకి తేలి, స్లాగ్ పొరగా అతుకుని కప్పేస్తాయి. ఆ కరిగిన పొరలోకే మలినాలు చేరతాయి. ఇక పూతలో కలిపిన ఫెర్రో మాంగనీస్, ఫెర్రో సిలికాన్ పొడులు ఇనుములోకి దిగి అక్కడ మిగిలిన ఆక్సిజన్‌ను పట్టుకుంటాయి, కాలిపోయిన మాంగనీసు స్థానాన్ని భర్తీ చేస్తాయి. మెత్తని తీగ నుంచి 490 న్యూటన్ల అతుకు వచ్చేది ఈ దారినే.

ఇంకో ఉపకారం ఉంది. దాన్ని పల్లె వెల్డరు రోజూ అనుభవిస్తాడు. ఆయిల్ ట్రాన్స్‌ఫార్మర్ సెట్ల మీద పని చేసే షాపులు మన ప్రాంతంలో ఇంకా ఉన్నాయి. అది ఏసీ కరెంటు. సెకనుకు వంద సార్లు సున్నాకి పడి మళ్లీ లేస్తుంది. పడిన ప్రతిసారీ ఆర్కు ఆరిపోవాలి. పూతలోని పొటాషియం, టైటానియం సమ్మేళనాలు ఆర్కు దారిలో విద్యుత్తును మోసే కణాలను నిలిపి ఉంచుతాయి కాబట్టి వెంటనే తిరిగి అంటుకుంటుంది. 6013 చిన్న సెట్టు మీద, వోల్టేజి నీరసించిన లైను మీద కూడా సాఫీగా నడవడానికి కారణం ఇదే. 7018 అలా లొంగదు. దానికి ఎక్కువ వోల్టేజి ఇచ్చే సెట్టు, వీలైతే డీసీ కావాలి. ఇన్వర్టర్ సెట్లు వచ్చాక ఆ ఇబ్బంది చాలా తగ్గింది.

6013 పూతలో ప్రధాన ఖనిజం రూటైల్. రసాయన భాషలో టైటానియం డయాక్సైడ్. ఈ మాట దగ్గర శ్రీకాకుళం పాఠకుడు ఒక్క క్షణం ఆగాలి. ఎందుకంటే ఆ ఖనిజం మన కాళ్ల కింద ఉంది. తూర్పు కనుమల్లోని ఖోండలైట్, చార్నొకైట్ శిలలు లక్షల ఏళ్లుగా అరిగిపోతూ ఉంటే, ఆ రజనును వంశధార, నాగావళి, మహేంద్రతనయ, బాహుదా, రుషికుల్య నదులు సముద్రంలోకి మోస్తూ వచ్చాయి. అలలు తేలికైన తెల్ల ఇసుకను లాక్కుపోగా బరువైన ఖనిజాలు ఒడ్డున నల్లటి చారలుగా మిగిలాయి. ఇల్మెనైట్, గార్నెట్, సిల్లిమనైట్, జిర్కాన్, మోనజైట్, కొద్దిగా రూటైల్. భీమునిపట్నం, శ్రీకూర్మం, కళింగపట్నం తీరాల్లో ఈ నిక్షేపాలు పేరుపొందినవి. జలంత్రకోట నుంచి ఉత్తరానికి వంద కిలోమీటర్ల లోపే, గంజాం జిల్లా ఛత్రపురంలో, కేంద్రప్రభుత్వ సంస్థ ఐఆర్‌ఈఎల్ ఇదే జాతి ఇసుకను తవ్వి ఖనిజాలను వేరుచేస్తోంది.

వేరుచేసే తీరు ముచ్చటగా ఉంటుంది. ముందు నీటి ప్రవాహంలో సుడి తిప్పి తేలిక ఇసుకను పంపేస్తారు. బరువు ఖనిజాల్లోంచి అయస్కాంతం ఇల్మెనైట్‌ను లాగేస్తుంది. రూటైల్ అయస్కాంతానికి లొంగదు, కానీ విద్యుత్తును పోనిస్తుంది. జిర్కాన్, సిల్లిమనైట్ పోనివ్వవు. అధిక వోల్టేజి కింద తిరిగే రోలర్ మీద పోస్తే రూటైల్ రేణువులు ఆవేశాన్ని వదిలేసి ఎగిరి ఒక పక్క పడతాయి, మిగతావి రోలర్‌ని అంటిపెట్టుకుని ఇంకో పక్క రాలతాయి. మన దేశంలో తీసే రూటైల్‌కి పెద్ద గిరాకీ వెల్డింగ్ రాడ్ల పరిశ్రమ నుంచే. ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. ఉద్దానం తీరంలో ఇసుక దిబ్బలు తుపాను గాలికి అడ్డుగోడలు, తీపి నీటికి నిల్వలు. ఖనిజం ఉంది కదా అని దిబ్బను తవ్వే ముందు ఆ లెక్క కూడా వేయాలి.

మాంగనీసుకీ మన ఉత్తరాంధ్రలోనే వేళ్లున్నాయి. భారతదేశంలో మాంగనీసు తవ్వకం మొదలైంది 1892లో విజయనగరం ప్రాంతంలోనే. అక్కడి గరివిడిలో 1950లలో మొదలైన ఫేకర్ సంస్థ ఫెర్రో మాంగనీస్ తయారీకి పేరుపడింది. రాడ్ పూత జాబితాను, ఉత్తరాంధ్ర భూగర్భ పటాన్ని పక్కపక్కన పెట్టి చదవొచ్చు.

రూటైల్ స్లాగ్ త్వరగా గడ్డకడుతుంది, అతుకు మీద నున్నగా పరుచుకుంటుంది, చల్లారాక సుత్తితో తట్టితే పెంకులా లేచిపోతుంది. అలలు అలలుగా అందమైన అతుకు వస్తుంది. కిటికీ గ్రిల్లుకి, షెడ్డు ట్రస్సుకి, ట్రాలీ పక్క రేకులకి ఇంతకంటే మంచి రాడ్ లేదు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి, కొబ్బరి, జీడి తోటలతో పాటు రేకుల కప్పులనూ లేపేసింది. అలాంటి పల్చటి గొట్టాల షెడ్డుకి 7018 వాడలేదే అని బాధపడనక్కర్లేదు. అక్కడ చూడాల్సింది వేరే. చుట్టూ అతుకు వేశారా, నాలుగు టాకాలు పెట్టి రంగు పూసేశారా అన్నదే ప్రశ్న.

రూటైల్ పూతకి హద్దు వేరే చోట ఉంది. దాని స్లాగ్ ఆమ్ల గుణం వైపు మొగ్గుతుంది, గంధకాన్ని, భాస్వరాన్ని లాగలేదు. అతుకులో సూక్ష్మమైన ఆక్సైడ్ రేణువులు ఎక్కువ మిగులుతాయి. పగులు నడవడానికి ఆ రేణువులే మెట్లు. అందుకే దెబ్బకి, చలికి తట్టుకోవడంలో వెనకబడుతుంది. దానికి తోడు, పూతలో సెల్యులోజ్, నీటిని లోపల దాచుకున్న ఖనిజాలు ఉండటం వల్ల అతుకులోకి హైడ్రోజన్ చేరుతుంది. నూరు గ్రాముల అతుకు లోహంలో 20 నుంచి 30 మిల్లీలీటర్ల దాకా.

7018 పూత వేరే వంటకం. సున్నపురాయి, ఫ్లోర్‌స్పార్, ఇనుప పొడి. సున్నం, ఫ్లోరైడు కలిసిన క్షార స్లాగ్ గంధకాన్ని బాగా లాగేస్తుంది, ఆక్సైడ్ రేణువులను తగ్గిస్తుంది. సెల్యులోజ్ లేదు. కర్మాగారంలోనే బాగా కాల్చి నీటిని తరిమేస్తారు కాబట్టి హైడ్రోజన్ నూరు గ్రాములకు 5 మిల్లీలీటర్ల స్థాయికి దిగుతుంది. ప్యాకెట్ మీద భారత ప్రమాణం ఐఎస్ 814 సంకేతం చదవండి. మొదటి అక్షరం తరవాత ‘ఆర్’ ఉంటే రూటైల్, ‘బి’ ఉంటే క్షార పూత, ‘సి’ ఉంటే సెల్యులోజ్. చివర ‘హెచ్’ ఉంటే హైడ్రోజన్ అదుపులో ఉన్న రాడ్ అని అర్థం.

హైడ్రోజన్‌కి ఇంత భయం ఎందుకు? కరిగిన ఇనుము హైడ్రోజన్‌ను పుష్కలంగా తాగుతుంది. గడ్డకట్టగానే పట్టుకోలేదు. చాలా చిన్న పరమాణువు కాబట్టి అది గట్టిపడిన ఉక్కులోనూ నడుస్తుంది. అతుకు పక్కన వేడికి గట్టిపడిన పట్టీలోకి, లాగుడు ఎక్కువ ఉన్న చోటికి పోయి చేరుతుంది. అతుకు చేయి పెట్టేంత చల్లారాక, ఒక్కోసారి ఒక రోజు గడిచాక, ఎవరూ చూడని వేళ లోపల పగులు పుడుతుంది. పెద్ద నిర్మాణాల్లో తనిఖీని 48 గంటల తరవాత చేయమనేది అందుకే. మెత్తటి పల్చటి ఇనుముకి ఈ ప్రమాదం దాదాపు లేదు. ట్రాక్టర్ ఇరుసు, కమాను పట్టీ, మందపు ప్లేటు, క్రేను కొక్కెం లాంటి గట్టి ఉక్కుకి ఉంది. విరిగిన ఇరుసుని 6013తో అతికి పంపితే సాయంత్రానికి బాగానే ఉంటుంది, మర్నాడు బరువు ఎక్కిస్తే పక్క నుంచి తెగుతుంది. ఇలాంటి ఉక్కుకి క్షార పూత రాడ్డూ కావాలి, అతికే ముందు ఇనుమును వేడి చేయడమూ కావాలి.

ఈ తీరం ఇబ్బంది పెట్టేది ఇక్కడే. ఉద్దానంలో వానాకాలమంతా గాలిలో తేమ ఎనభై శాతం దాటడం మామూలే. పూతను పట్టి ఉంచే బంధకం సోడియం, పొటాషియం సిలికేట్. విప్పిన ప్యాకెట్‌లో రాడ్లు, మూత తీసిన ఉప్పు జాడీలా చెమ్మ లాగేస్తాయి. ఖరీదు పెట్టి కొన్న 7018 రెండు రోజులు బల్ల మీద పడి ఉంటే, హైడ్రోజన్ విషయంలో దానికున్న గొప్పతనం పోయినట్టే. అమెరికా ఉక్కు నిర్మాణాల నియమావళి మామూలు 7018ని బయట గాలిలో నాలుగు గంటలకు మించి ఉంచొద్దంటుంది. చెమ్మెక్కిన రాడ్ ఆనవాళ్లు తెలుస్తాయి. పూత మీద తెల్లటి పొడి లేస్తుంది, ఆర్కు చిటపటలాడుతుంది, నిప్పురవ్వలు ఎక్కువ చెదురుతాయి, అతుకులో పురుగు తొలిచినట్టు కంతలు పడతాయి. ఆనవాళ్లేమీ కనపడకుండా కూడా పగులుకి సరిపడా చెమ్మ ఉండొచ్చు.

“ఎండలో పెట్టరా, ఆరిపోతాయి” అనడం షాపుల్లో అలవాటు. రేకు మీద పెట్టినా ఎండ వేడి అందుకు సరిపోదు. ఇంకొందరు రాడ్‌ను పనిముక్కకి అంటించి కరెంటుతో ఎర్రబరుస్తారు. దాంతో పూత చిట్లుతుంది, వేడి సమంగా పట్టదు. క్షార పూత చెమ్మ వదలాలంటే ఓవెన్‌లో సుమారు 350 డిగ్రీల దగ్గర గంట నుంచి రెండు గంటలు కాల్చాలి, తీసిన తరవాత వాడే దాకా వంద డిగ్రీలు దాటిన పెట్టెలో ఉంచాలి. ఖచ్చితమైన అంకె ప్యాకెట్ మీదే ఉంటుంది. 6013కి 100–120 డిగ్రీలు ఒక గంట చాలు, ఆ 350 దానికి పెడితే పూతే చెడిపోతుంది. పైపులైన్లకు వాడే సెల్యులోజ్ రాడ్‌ను అసలు కాల్చకూడదు. దాని ఆర్కు లోతుగా దిగే బలమే పూతలోని కొద్దిపాటి తేమ నుంచి వస్తుంది.

టెక్కలి వైపు నీలి గ్రానైట్ క్వారీల్లో పూత ఇంకో రూపం చూపిస్తుంది. రాయిని తవ్వి అరిగిపోయిన బకెట్ పళ్ల మీద హార్డ్‌ఫేసింగ్ రాడ్‌తో పొర వేస్తారు. చాలా రకాల్లో లోపలి తీగ మళ్లీ అదే మెత్తని ఉక్కు. క్రోమియం, కార్బన్ అంతా పూతలోంచే దిగుతాయి. పొర రాక్‌వెల్ సి కొలతలో 55–60 దాకా గట్టిపడుతుంది. దాని మీద అడ్డంగా సన్నని పగుళ్లు వరసగా కనిపిస్తాయి. ఆ పొరకి అది సహజం, లోపం కాదు. అదే పగులు బాయిలర్ అతుకు మీద కనిపిస్తే పని ఆపేయాలి. పలాసలో జీడిగింజలను ఉడికించే ఆవిరి పాత్రలకు ఇది వర్తిస్తుంది. బాయిలర్ల అతుకుని అర్హత పత్రం ఉన్న వెల్డరే వేయాలని చట్టం చెప్పడం ఊరికే కాదు.

ఫ్లక్సు, అంటే ఈ పొడి, ఎంపిక ఎంత దూరం పోతుందో అమెరికాలో 1994 జనవరి 17న తెలిసింది. లాస్ ఏంజెలెస్ దగ్గర నార్త్‌రిడ్జ్ భూకంపంలో ఉక్కు చట్రాల భవనాలు కూలలేదు. తరవాత గోడలు విప్పి చూస్తే వందకు పైగా భవనాల్లో దూలం, స్తంభం కలిసే అతుకులు పగిలి ఉన్నాయి. కారణాలు చాలా తేలాయి. వాటిలో ఒకటి, అక్కడ వాడిన గొట్టపు తీగ లోపలి ఫ్లక్సు వేగంగా పని సాగనిచ్చేదే తప్ప, దెబ్బకి తట్టుకునే అతుకుని ఇచ్చేది కాదు. లాగుడు పరీక్షలో అది నెగ్గినదే. ఆ తరవాతే భూకంప ప్రాంతాల అతుకులకి దెబ్బ పరీక్ష తప్పనిసరి అయింది. ఇక్కడ మన జిల్లాలో, 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగిన మూలపేట రేవు లాంటి పనుల్లో స్థానిక కుర్రాళ్లు వెల్డర్లుగా నిలదొక్కుకోవాలంటే చేతి నేర్పుతో పాటు ఈ చదువు కావాలి. ఐటీఐల్లో రాడ్ ఓవెన్ ఉండాలి, అది వాడుకలో ఉండాలి.

చిన్న షాపుకి పనికొచ్చే సంగతులు రెండు మిగిలాయి. స్లాగ్‌ను తట్టి, వైరు బ్రష్‌తో రుద్దకుండా రంగు వేస్తే, ఉప్పుగాలి మొదట పట్టేది ఆ అతుకునే. ముఖ్యంగా క్షార స్లాగ్ మిగిలితే చెమ్మ పీల్చి రంగును పొక్కులుగా లేపుతుంది. సముద్రం పక్క ఊళ్లలో గేట్లు అతుకుల దగ్గర ముందు తుప్పు పట్టడానికి ఇదొక ముఖ్య కారణం. ఇక పొగ. అందులో ఎక్కువ భాగం రాడ్ నుంచే వస్తుంది. ఇనుప ఆక్సైడుతో పాటు మాంగనీసు, క్షార రాడ్లయితే ఫ్లోరైడు కూడా ఉంటాయి. 2017లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ వెల్డింగ్ పొగను మనుషుల్లో క్యాన్సర్ కలిగించే వాటి జాబితాలో చేర్చింది. తలుపులు మూసిన గదిలో వెల్డింగ్ వద్దు. గాలి వెనక నుంచి కాకుండా పక్క నుంచి వీచేలా నిలబడండి. అలా అయితే పొగ ముఖం మీదికి రాదు.

ఇరుసో, బాయిలరో, మనిషి ప్రాణం ఆధారపడిన ఏ అతుకో వేయిస్తున్నప్పుడు వెల్డరుని రెండే అడగండి. ఏ రాడ్ వాడుతున్నావు, దాన్ని ఎక్కడ, ఎన్ని డిగ్రీల దగ్గర కాల్చావు? రెండో ప్రశ్నకి జవాబు లేకపోతే ఆ పని అతని చేత చేయించకండి.